యూనిట్ – 9: విశాఖపట్నం నుంచి జయపురం వరకు – కొండల్లో దూరం, ప్రయాణకాలం, చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
– రెండు విమానాశ్రయాల మధ్య వాయుమార్గ దూరాన్ని, ప్రయాణకాలాన్ని సుమారుగా లెక్కించగలుగుతారు.
– అరకు, తూర్పు కనుమల ప్రాంతంలో కాలిబాట, రోడ్డు, రైలు, విమానం ఏ క్రమంలో, ఏ అవసరాల కోసం వచ్చాయో వివరించగలుగుతారు.
– ప్రయాణకాలం తగ్గడం వల్ల ఎవరికి ఎంత మేలు జరిగిందో చారిత్రక దృష్టితో పరిశీలించగలుగుతారు.

9.1 పరిచయం

"విశాఖపట్నం నుంచి జయపురం ఎంత దూరం?" అని ఎవరైనా అడిగితే మీరేం చెబుతారు? ఇక్కడ జయపురం అంటే రాజస్థాన్ రాజధాని కాదు. ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో, అరకు కొండలకు అవతల ఉన్న పట్టణం. ఒకప్పుడు అది విశాఖపట్నం జిల్లాలోనే పెద్ద జమీందారీకి కేంద్రం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. నేటికీ ఆ పట్టణంలో తెలుగు వినిపిస్తుంది.

ఈ ప్రశ్నకు ఒకే జవాబు లేదు. విమానానికి ఒక దూరం, లారీకి ఒక దూరం, రైలుకు ఇంకో దూరం. కావడి భుజాన వేసుకుని ఘాటీ దిగే మనిషికి అది దూరమే కాదు, కొన్ని రోజుల నడక. మన భాషలో "ఒక పూట ప్రయాణం", "రెండు రోజుల దారి" అనే మాటలు దూరాన్ని కాలంతో కొలిచిన రోజుల నుంచి వచ్చినవే.

రెండు ఊళ్ల మధ్య భౌగోళిక దూరం శతాబ్దాలు గడిచినా మారదు. ప్రయాణకాలం మాత్రం మారుతుంది. మారేది ఏదైనా చరిత్రకారుని పరిశీలనకు వస్తుంది. ఈ కొండల్లో ప్రయాణకాలం తగ్గిన ప్రతిసారీ ఒక అవసరం దాన్ని తగ్గించింది. ఆ అవసరం చాలాసార్లు కొండ మీద ఉన్నవారిది కాదు. ఈ యూనిట్‌లో మనం పరిశీలించబోయే ప్రధాన విషయం ఇదే.

9.2 దూరాన్ని లెక్కించడం ఎలా?

ముందుగా లెక్క చూద్దాం. విశాఖపట్నం విమానాశ్రయం సుమారు 17.72 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.22 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. జయపురం విమానాశ్రయం సుమారు 18.88 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 82.55 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది.

అక్షాంశాల తేడా 1.16 డిగ్రీలు. ఒక డిగ్రీ అక్షాంశం అంటే దాదాపు 111 కిలోమీటర్లు. కాబట్టి ఉత్తర దిశగా సుమారు 129 కి.మీ. వెళ్లాలి. రేఖాంశాల తేడా 0.67 డిగ్రీలు. మన అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం దాదాపు 106 కి.మీ. కాబట్టి పడమర దిశగా సుమారు 71 కి.మీ. వెళ్లాలి. ఈ రెండింటినీ లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలుగా తీసుకుంటే కర్ణం దాదాపు 147 కి.మీ. అదే ఈ రెండు విమానాశ్రయాల మధ్య వాయుమార్గ దూరం.

గంటకు 300 కి.మీ. వేగంతో పోయే చిన్న విమానం ఈ దూరాన్ని అరగంటలో దాటాలి. రన్‌వే మీద నడవడానికి, పైకి లేవడానికి, దిగడానికి పట్టే సమయం కలిపినా గంటలోపే పని అయిపోతుంది. రోడ్డు మీద విజయనగరం, సాలూరు, కోరాపుట్ మీదుగా వెళితే దూరం దాదాపు 220 కి.మీ. అవుతుంది. ఘాట్ మలుపులు ఉంటాయి కాబట్టి సగం రోజు చేతిలో పెట్టుకుని బయలుదేరాలి.

గమనిక: తక్కువ దూరాలకు ఈ త్రిభుజం లెక్క సరిపోతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి చాలా దూరంగా ఉన్న విమానాశ్రయాలకు గోళం మీది వంపును లెక్కలోకి తీసుకోవాలి. ఉదాహరణకు, 2017లో అరకు కాఫీకి పారిస్ నగరంలో ఒక దుకాణం తెరిచారు. విశాఖ నుంచి పారిస్‌కు గోళం మీద అతి దగ్గరి దారి సుమారు 7,900 కి.మీ. గంటకు 850 కి.మీ. వేగంతో నేరుగా ఎగిరితే తొమ్మిది గంటల పైచిలుకు పడుతుంది. అయితే కాఫీ తోట నుంచి గింజల బస్తా రోడ్డు దాకా రావడానికి పట్టే సమయం ఈ లెక్కలో లేదు.

ఇప్పుడు అరకు సంగతి చూడండి. విశాఖ నుంచి అరకుకు సరళరేఖా దూరం సుమారు 80 కి.మీ., రోడ్డు దూరం సుమారు 115 కి.మీ., రైలు దూరం సుమారు 130 కి.మీ. ఊళ్లు అవే అయినా అంకెలు మూడు. ఈ తేడా అంతా కొండది. సముద్రమట్టం నుంచి బయలుదేరి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న లోయకు చేరాలంటే మలుపులు తిరగక తప్పదు. రైలు నిటారుగా ఎక్కలేదు కాబట్టి దాని దారి మరీ పొడవు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
విశాఖ–అరకు మధ్య రైలు దూరం సరళరేఖా దూరం కంటే ఎన్ని రెట్లు ఎక్కువ? కారణమేమిటి?

9.3 కాలిబాటలు, పెరిక ఎడ్లు

రోడ్లు రాకముందు కొండల్లో ప్రయాణం లేదనుకుంటే పొరపాటు. దారులుండేవి. అవి మనుషుల కాళ్లకు, పశువుల గిట్టలకు సరిపోయే దారులు. లంబాడీలు పెరిక ఎడ్ల మీద తీరం నుంచి ఉప్పును పైకి తీసుకువెళ్లేవారు. కొండల మీది ధాన్యాన్ని కిందికి తెచ్చేవారు. కొండల్లో పండని సరుకు ఉప్పు. అందుచేత తీరానికీ కొండకూ మధ్య సంబంధం ఎన్నడూ పూర్తిగా తెగలేదు. ఆ సంబంధానికి కూడళ్లు సంతలు.

బరువుతో నడిచే మనిషి, ఎద్దు రోజుకు 20 కి.మీ. సాగుతారనుకుందాం. అప్పుడు విశాఖ తీరం నుంచి జయపురానికి పదకొండు రోజులు. ఇది మన అంచనా మాత్రమే. వాగులు పొంగే వర్షాకాలంలో ఈ లెక్క పనికిరాదు. ఆపైన మన్యం జ్వరం ఉండేది. మైదానం నుంచి వచ్చిన ఉద్యోగులు, సిపాయిలు మలేరియాకు భయపడి కొండ ఎక్కడానికి వెనుకాడేవారు.

ఈ కాలదూరం పాలనా విధానాన్నీ నిర్ణయించింది. 1839లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల కోసం 24వ చట్టం చేసింది. మైదానంలోని సాధారణ న్యాయస్థానాలను, నిబంధనలను అక్కడ పక్కన పెట్టి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా నియమించింది. "ఏజెన్సీ" అన్న మాట మనకు అలా వచ్చింది. కొండల్లో రోజువారీ అధికారం ముఠాదార్ల చేతుల్లో ఉండేది. ముఠా అంటే కొన్ని గ్రామాల సముదాయం. శిస్తు వసూలు చేసి పైకి పంపడం ముఠాదారు పని. ప్రభుత్వం దూరంగా ఉన్నంత కాలం ఈ ఏర్పాటు నడిచింది.

ప్రభుత్వం దగ్గరికి వచ్చిన కొద్దీ ఘర్షణలు పెరిగాయి. కల్లు మీద పన్ను, మన్సబుదారు వసూళ్లు, పోలీసుల ఆగడాల మీద 1879లో రంపలో తిరుగుబాటు చెలరేగి విశాఖ జిల్లా కొండలకూ పాకింది. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత పోడు వ్యవసాయం మీద, అడవి వాడకం మీద ఆంక్షలు బిగిశాయి. మైదానం నుంచి వచ్చే అధికారికి కొండ ఎంత దగ్గరైతే, కొండ మీది మనిషికి అడవి అంత దూరమైంది.

9.4 రోడ్డు, వెట్టి, తిరుగుబాటు

1922–24 మన్యం తిరుగుబాటు గురించి మీరు ఇదివరకే చదివి ఉంటారు. దాన్ని ఈసారి ప్రయాణకాలం వైపు నుంచి చూద్దాం.

ఆ తిరుగుబాటుకు ముందున్న ఫిర్యాదుల్లో ముఖ్యమైనది ఒక రోడ్డు గురించి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా గూడెం కొండల్లోకి రోడ్డు వేయిస్తూ గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత పని చేయించాడు. సరైన కూలి ఇవ్వకపోవడం, ఎదురు చెప్పినవారిని హింసించడం అతని మీది ఆరోపణలు. రోడ్డు పూర్తయితే నర్సీపట్నం కచేరీ నుంచి కొండకు ప్రయాణం తగ్గుతుంది. ఆ తగ్గిన సమయం అధికారికి, కాంట్రాక్టరుకు, పోలీసుకు మిగులుతుంది. దాన్ని మిగిల్చేది మాత్రం రాళ్లు మోసిన గిరిజనుల శ్రమ.

అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. తుపాకులు, మందుగుండు తిరుగుబాటుదారుల చేతికి వచ్చాయి. వరుసగా మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. ఈ ఊళ్ల మధ్య కొండలు, అడవి ఉన్నాయి. అయినా కాలిబాటలు తెలిసినవారికి అది సాధ్యమైంది. రోడ్ల మీద ఆధారపడిన ప్రభుత్వ బలగానికి అదే వేగం రాలేదు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో ఇరుకైన దారిన పోతున్న పోలీసు దళం మీద జరిగిన దాడిలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు మరణించారు.

అంటే అదే కొండలో రెండు రకాల కాలం ఉందన్న మాట. బాట తెలిసినవానికి దగ్గర, తెలియనివానికి దూరం. ప్రభుత్వం మలబార్ స్పెషల్ పోలీసులను, తరువాత అస్సాం రైఫిల్స్‌ను రప్పించింది. కొండ యుద్ధానికి, అడవి నడకకు అలవాటుపడిన దళాలనే ఎంచుకోవడం గమనించండి. 1924 మే 7న సీతారామరాజును పట్టుకుని కొయ్యూరులో కాల్చి చంపారు.

ఈ పోరాటంలో పాల్గొన్న గాం సోదరుల్లో గంటందొర తిరుగుబాటులోనే మరణించాడు. మల్లుదొర శిక్ష అనుభవించి బయటపడి, 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. గూడెం కొండల మనిషి ఢిల్లీ సభలో కూర్చోవడానికి రోడ్డు, రైలు మాత్రమే సరిపోలేదు. స్వాతంత్ర్యం, వయోజన ఓటుహక్కు రావలసి వచ్చింది. రాజకీయ దూరాన్ని తగ్గించే సాధనాలు వేరే ఉంటాయని ఈ ఉదాహరణ చెబుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
నర్సీపట్నం–లంబసింగి రోడ్డు పని గిరిజనుల అసంతృప్తికి ఎందుకు కారణమైంది? మూడు వాక్యాల్లో రాయండి.

9.5 ఇనుప ఖనిజం కోసం వచ్చిన రైలు

తీరంలో రైలు మార్గం 1890లలోనే వచ్చింది. బెజవాడ, కటకం మధ్య మార్గం వాల్తేరు మీదుగా సాగింది. 1931లో విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్‌కు లైను పూర్తయింది. 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైంది. ఈ మార్పులన్నీ కొండలను చుట్టుముట్టాయి గాని అరకు లోయ లోపలికి రాలేదు.

అరకుకు రైలు రావడానికి కారణం అరకులో లేదు. అది ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలోని బైలడిల్లా కొండల్లో ఉంది. అక్కడి ఇనుప ఖనిజాన్ని జపాన్ ఉక్కు కర్మాగారాలకు ఎగుమతి చేయాలన్న ఒప్పందం 1960లో కుదిరింది. ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి కొత్తవలస–కిరండూల్ లైను తలపెట్టారు. దీన్నే మనం కె.కె. లైను అంటాం. జపాన్ సహకారంతో నిర్మించిన ఈ లైను 1960ల చివరి భాగంలో పూర్తయింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. పాతికేళ్లు తిరక్కముందే అదే రేవు నుంచి జపాన్‌కు ఖనిజం పోవడానికి కొండలను తొలిచారు. ప్రపంచ రాజకీయాలు మారితే ఒక మారుమూల లోయ గుండా దారి పడుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఈ లైను పొడవు దాదాపు 446 కి.మీ. ఇందులో 58 సొరంగాలున్నాయి. అరకుకు ముందున్న శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖ నుంచి కిరండూల్‌కు సరళరేఖా దూరం సుమారు 240 కి.మీ. మాత్రమే. రైలు మాత్రం కొండలను చుట్టుకుంటూ దాదాపు 470 కి.మీ. తిరుగుతుంది. అంటే దూరం రెట్టింపు. ఉదయం విశాఖలో బయలుదేరిన కిరండూల్ ప్యాసింజరు అరకు చేరడానికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. సగటు వేగం గంటకు 32–33 కి.మీ. కిరండూల్ చేరేసరికి రాత్రవుతుంది.

ఈ నెమ్మదికి కొండ ఒక్కటే కారణం కాదు. లైను ప్రధానంగా ఖనిజం గూడ్సుల కోసం వేసినది. 1980ల తొలినాళ్లలో దాన్ని విద్యుదీకరించడం కూడా ఆ బరువులను లాగడానికే. అయినా ఆ ప్యాసింజరు రైలు విలువ తక్కువ కాదు. చదువుకు, ఆసుపత్రికి, సంతకు, కూలికి పోయేవారికి అది ఆధారమైంది. 2017లో పర్యాటకుల కోసం అద్దాల విస్టాడోమ్ పెట్టె చేర్చారు. ఒకే రైలులో ఒకరికి ప్రయాణం అవసరం, మరొకరికి వినోదం. ఒకరికి నాలుగు గంటలు తొందరగా అయిపోతాయి, మరొకరికి ఎంతకూ తెమలవు.

9.6 ఆకాశమార్గం, డోలీ మార్గం

చిన్న పట్టణాలను విమానాలతో కలపడానికి కేంద్రప్రభుత్వం "ఉడాన్" పథకం తెచ్చింది. దాని కింద మొదటి విమానాలు 2017లో ఎగిరాయి. 2022 అక్టోబరు చివర జయపురానికి తొమ్మిది సీట్ల చిన్న విమానంతో సర్వీసులు మొదలై, ఆ పట్టణాన్ని భువనేశ్వర్‌తో, విశాఖపట్నంతో కలిపాయి. ఒకనాడు పెరిక ఎద్దు పదకొండు రోజులు నడిచిన దారిని గంటలోపు దాటవచ్చన్న మాట. ఇది నిజమైన పురోగతే. అత్యవసరంగా పెద్దాసుపత్రికి పోవలసిన రోగికి, ఉద్యోగికి, వ్యాపారికి ఇది ఉపయోగం.

అయితే విమానం రెండు చుక్కలను మాత్రమే కలుపుతుంది. ఆ చుక్కల మధ్య, కింద ఉన్న ఊళ్ల మాటేమిటి? అనంతగిరి, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు వంటి మండలాల్లో రోడ్డు అందని కొండ శిఖర గ్రామాలు ఇంకా ఉన్నాయి. పురిటి నొప్పులు వచ్చిన స్త్రీని దుప్పటిని కర్రకు కట్టిన డోలీలో మోసుకుని, వాగులు దాటి, అంబులెన్సు ఆగే చోటికి చేర్చడం పత్రికల్లో మీరూ చదివే ఉంటారు. అక్కడ ఐదు కిలోమీటర్లు రెండు గంటలు కావచ్చు. వాగు పొంగితే ఆ దారే ఉండదు. దారి అందని చోట్లకు ప్రభుత్వం బైకు అంబులెన్సులు ప్రవేశపెట్టింది. కాన్పు తేదీకి ముందే గర్భిణులను తీసుకువచ్చి ఉంచే వసతి గృహాలు కొన్నిచోట్ల తెరిచింది. రెండో పద్ధతిని గమనించండి. దారిని తగ్గించలేనప్పుడు మనిషినే ముందుగా దగ్గరికి తెస్తున్నారు.

ఇంకొక విషయం కూడా గుర్తు పెట్టుకోదగినది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. భోగాపురం అంతర్జాతీయ విమానాశ్రయానికీ ఆయన పేరే నిర్ణయించారు. వెట్టితో వేసిన రోడ్డు మీద కోపం పెరిగిన కొండల్లో పోరాడిన మనిషి పేరు ఇప్పుడు ఒక పెద్ద ప్రయాణ కేంద్రానికి గుర్తు. ఆ గౌరవం సముచితమే. కాని ఆ పేరుకు తగిన న్యాయం రన్‌వే పొడవులో కనబడదు. డోలీ మోసే దారి ఎంత తగ్గిందన్న దానిలో కనబడుతుంది.

9.7 చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్నలు

ఏ ప్రాంతంలోనైనా ప్రయాణ సాధనాల చరిత్ర రాసేటప్పుడు మీరు నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, ఈ దారి ఎవరి అవసరం కోసం వచ్చింది? రెండు, దాన్ని ఎవరు నిర్మించారు, ఎవరికి కూలి దక్కింది, ఎవరి భూమి పోయింది? మూడు, దాని వల్ల ఎవరి సమయం ఎంత మిగిలింది? నాలుగు, ఎవరు ఇంకా నడుస్తున్నారు?

మొదటి ప్రశ్నకు జవాబు ప్రభుత్వ కాగితాల్లో, జిల్లా గెజిటీర్లలో సులువుగా దొరుకుతుంది. మూడో ప్రశ్నకు పాత రైల్వే టైంటేబిళ్లు, పటాలు ఉపయోగపడతాయి. రెండో, నాలుగో ప్రశ్నలకు జవాబులు రాతలో తక్కువ. అవి పెద్దల జ్ఞాపకాల్లో ఉంటాయి. అందుకే మౌఖిక చరిత్రను ఈ కోర్సులో ప్రత్యేకంగా చెప్పుకుంటాం.

9.8 సారాంశం

రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఒక లెక్క. విశాఖ–జయపురం మధ్య అది దాదాపు 147 కి.మీ. కాని ప్రయాణకాలం చరిత్రలో తయారవుతుంది. కాలిబాట కాలంలో దూరమే కొండలకు కొంత రక్షణ ఇచ్చింది. వలస పాలనలో రోడ్డు అధికారానికి దారి వేసింది, దాని బరువును గిరిజనులు మోశారు. స్వాతంత్ర్యం తరువాత రైలు ఖనిజం కోసం వచ్చి మనుషులకూ ఉపయోగపడింది. విమానం పట్టణాలను దగ్గర చేసింది. ప్రతి దశలోనూ సగటు ప్రయాణకాలం తగ్గింది, ఆ తగ్గుదల అందరికీ సమానంగా అందలేదు. సగటు లెక్కతో ఆగిపోకుండా అందులో చేరని మనిషిని వెతకడం చరిత్ర విద్యార్థి బాధ్యత.

9.9 పదజాలం

ముఠా: కొండ ప్రాంతంలో ముఠాదారు ఆధీనంలో ఉండే కొన్ని గ్రామాల సముదాయం.
పెరిక ఎద్దు: వీపు మీద బరువు మోసే ఎద్దు.
పోడు: అడవిలో కొంత భాగం కొట్టి కాల్చి చేసే కొండ వ్యవసాయం.
వెట్టి: కూలి లేకుండా లేదా నామమాత్రపు కూలితో బలవంతంగా చేయించే పని.
సరళరేఖా దూరం: రెండు ప్రదేశాల మధ్య మలుపులు లేకుండా కొలిచే అతి దగ్గరి దూరం.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

అ. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అరకు, తూర్పు కనుమల ప్రాంతంలో ప్రయాణ సాధనాల పరిణామాన్ని వివరించండి.
2. 1922–24 తిరుగుబాటులో కాలిబాటల, రోడ్ల పాత్రను పరిశీలించండి.

ఆ. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 1839 నాటి 24వ చట్టం ప్రాముఖ్యం ఏమిటి?
2. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గ నిర్మాణానికి కారణాలు తెలపండి.

ఇ. అభ్యాసం
మీ ఊరి నుంచి జిల్లా ఆసుపత్రికి సరళరేఖా దూరం, రోడ్డు దూరం, ప్రయాణకాలం రాసుకోండి. మీ ఇంట్లో లేదా ఊళ్లో ఉన్న పెద్దవారిని, వారి చిన్నతనంలో అదే ప్రయాణం ఎలా, ఎంతసేపు చేసేవారో అడిగి, వారి మాటల్లోనే ఒక పేజీ రాయండి. ఆ దారి ఎప్పుడు, ఎవరి కోసం పడిందో కూడా అడగడం మరవకండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు
1. దాదాపు 1.6 రెట్లు. రైలు నిటారుగా ఎక్కలేక కొండలను చుట్టుకుంటూ పోవడం వల్ల.
2. 9.4 భాగం రెండో పేరా చూడండి.